ఎడమ కాలి ఆరో వేలు

బందరు, లేడీస్ హాస్టల్
4 నవంబరు 2024

అమ్మమ్మా,

నీ శ్రీవల్లి క్షేమంగానే ఉంది గానీ చేత్తో అన్నం తినడం మానేసింది. స్పూనుతో తింటోంది. ఎందుకో చివర్లో చెప్తాను, ముందే చెప్తే ఉత్తరం అవతల పారేస్తావు.

ఫోన్‌లో మాట్లాడదామంటే నీ చెవిలో మిషన్ ఈల వేస్తుంది. మావయ్య ఫోన్‌కి మెసేజ్ పెడితే ముందు అత్తయ్య, తర్వాత మావయ్య, అందరూ అయ్యాక నువ్వు చదువుతావు. అందుకే నువ్వన్నట్టే ఉత్తరం. మా రూమ్మేట్ హేమ నన్ను చూసి ఒకటే నవ్వు. పోస్టాఫీసు ఎక్కడుందో హాస్టల్లో ఎవ్వరికీ తెలీదే! ఆటో అతన్ని అడిగి వెళ్ళాను.

మొదటి రెండు వారాలూ ఎలా కూర్చోవాలి, పేషెంటుతో ఎలా మాట్లాడాలి అని పాఠాలు. ఏప్రాన్ ఇస్త్రీ లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. సీనియర్లు కనిపిస్తే లేచి నిలబడాలి. ఇంటర్లో అన్నీ టకటకా వచ్చేవా, ఇక్కడ ఒక పేజీ చదవడానికి గంట పడుతోంది. పక్కవాళ్ళందరికీ అన్నీ వచ్చేస్తున్నట్టు ఉంటుంది. నేను పొరపాటున సీటొచ్చినదాన్నేమోనని భయమేస్తోంది.

మొన్న డిసెక్షన్ హాల్లోకి తీసుకెళ్ళారు. శవం ముందు నిలబెట్టి ప్రమాణం చేయించారు. ఈ మనిషి మా మొదటి గురువు, గౌరవంగా చూసుకుంటాం, ఇక్కడ చూసింది బయట మాట్లాడం అని. నేనూ గట్టిగానే చెప్పాను. చెప్పి రెండు రోజులు కాలేదు, నీకు రాసేస్తున్నాను. నువ్వు బయటి మనిషివి కాదుగా.

మా టేబుల్ మీద ఒక ముసలాయన. మొహం చూసే ధైర్యం లేక కాళ్ళ దగ్గర నిలబడిపోయాను. గంటసేపూ పాదాలే చూశాను. ఒక పాదానికి ఆరు వేళ్ళున్నాయి అమ్మమ్మా! చిటికెన వేలు పక్కన ఇంకో బుల్లి వేలు, దానికి గోరు కూడా. ఆరు వేళ్ళుంటే అదృష్టమంటారుగా, ఆయనకేం అదృష్టమో పాపం. ఎవరూ రాని శవమట.

ఆ మందు వాసన చేతుల్ని వదలట్లేదు. స్పూను సంగతి అదీ.

నీ భయస్తురాలు
శ్రీవల్లి


అవనిగడ్డ
9 నవంబరు 2024

కాబోయే డాక్టరమ్మకి, ప్రస్తుతానికి బొద్దింకను చూసి మంచమెక్కే మనవరాలికి, అమ్మమ్మ దీవెనలు.

స్పూనుతో పప్పన్నం తినేదాన్ని మన ఇంటావంటా చూడలేదు. నిమ్మచెక్కతో అరచేతులు రుద్దుకుని, ఆపైన శనగపిండితో కడుక్కో. వాసన పోకపోతే నన్నడుగు. ముప్పైరెండేళ్ళు బడి పిల్లల ముక్కులు తుడిచిన చేతులే నావి.

పొరపాటున సీటొచ్చిందా? ప్రభుత్వం పొరపాటున కరెంటు బిల్లు వేస్తుందిగానీ సీట్లివ్వదు. నోరు మూసుకుని చదువుకో. గంటకో పేజీ వస్తే రోజుకి నాలుగు పేజీలు, అవే రేపు పదవుతాయి. ఒకటో తరగతిలో పలక మీద అ రాయడానికి నెల తీసుకున్నవాడు తాసిల్దారయ్యాడు, మా శిష్యుడే.

ఇక్కడ వానలు తగ్గాయి. మీ మావయ్య రొయ్యల చెరువు, నీళ్ళ మోటారు అంటూ ఇంట్లో ఉండట్లేదు. మీ అత్తయ్య కార్తీకమాసం కదా, ఇల్లంతా తడిబట్టలే. నువ్వు ఈసారి వచ్చినప్పుడు ముందు దొడ్లో తలస్నానం చేసి లోపలికి రా. దాని పట్టింపులు నీకు తెలియనివి కావు.

ఇంకో మాట, ఊరికే అడుగుతున్నాను. ఆ ఆరో వేలు ఏ కాలికి? మనిషి వయసెంతుంటుందో ఎవరైనా అన్నారా? తోచినప్పుడు రాయి. తొందరేం లేదు. వెంటనే రాసినా సంతోషమే.

అమ్మమ్మ
ఇందిరాదేవి


బందరు
13 నవంబరు 2024

అమ్మమ్మా,

కోపంగా రాస్తున్నాను. కోపం కాదు, బాధ.

నిన్న అమ్మ గుడివాడ నుంచి ఫోన్ చేసి కడిగేసింది. "అమ్మమ్మకేం రాశావే? నాలుగు రోజుల్నించి ముద్ద ముట్టట్లేదట. అడిగితే మాట్లాడదట. వదిన బెంగపడుతోంది" అని. నాకు వెంటనే అర్థమైంది. నేను శవాన్ని ముట్టుకున్నాననేగా? దొడ్లో స్నానం చేసి రమ్మని అత్తయ్య పేరు పెట్టి రాశావుగానీ, ఆ పట్టింపు నీదే. డాక్టరు చదివించమని అందరికంటే గట్టిగా పోరింది నువ్వు. డాక్టర్లు పూలు కోస్తారనుకున్నావా? నువ్వే ఇలా మైల అంటే ఇంక ఎవరితో చెప్పుకోను?

ఇక్కడ ఒక్కదాన్నే ఎంత ఏడుస్తున్నానో నీకు తెలీదు. హేమ వాళ్ళ నాన్న ప్రతి ఆదివారం వచ్చి దాన్ని బీచికి తీసుకెళ్తాడు. నేను రూంలో ఎముకల పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను.

నువ్వడిగినవి. ఎడమ కాలికి. నేను నిలబడ్డచోట నా ఎడమ చేతి వైపే ఉంది, బాగా గుర్తు. వయసు అరవై ఉండొచ్చని అటెండరు విల్సన్ గారన్నారు. బందరు బస్టాండు దగ్గర పడుంటే ఎవరో ఆసుపత్రిలో చేర్చారట, నాలుగైదు నెలల క్రితం. పేరు కూడా చెప్పకుండానే పోయాడట. దయ్యమై పట్టుకుంటాడని నీ భయమైతే, పట్టుకోడులే. మమ్మల్ని చూసి ఆయనే భయపడాలి, అంత మొద్దు చేతులు మావి.

ఈసారి సెలవులకి అవనిగడ్డ రాను. గుడివాడే వెళ్తాను.

శ్రీవల్లి


అవనిగడ్డ
17 నవంబరు 2024

శ్రీవల్లీ, నా తల్లీ,

మైలా లేదు, గియిలా లేదు. నువ్వు శవాన్ని కౌగిలించుకుని వచ్చినా నా పక్కలోనే పడుకోబెట్టుకుంటాను. కళ్ళు తుడుచుకుని ఇది చదువు. చదివాక ఎవరికీ చూపించకు. మీ అమ్మకి అసలు చెప్పకు.

నాకో తమ్ముడుండేవాడు. నాంచారయ్య. మీ అమ్మకి వాడు ఫోటోలో మేనమామ, నీకు అది కూడా కాదు. వాడి ఎడమ కాలికి ఆరు వేళ్ళు. చిటికెన వేలు పక్కన, నువ్వు రాసినట్టే, గోరుతో సహా. చెప్పు పట్టేది కాదు. మా నాన్న వాడి ఎడమ చెప్పుకి పట్టీ వెడల్పు చేయించి కుట్టించేవాడు. బడిలో పిల్లలు ఏడిపిస్తే "మీకు లేదని కుళ్ళు" అనేవాడు వెధవ.

డెబ్భైయేడులో, ఉప్పెన వచ్చిన ఏడాది, వాడికి పన్నెండేళ్ళు. నాకు ఇరవై ఒకటి, టీచరు ట్రైనింగులో ఉన్నాను. శనివారం పొద్దున్న వాడు నాగాయలంక అవతల మా మేనత్త ఊరు వెళ్ళాడు. సాయంత్రానికి సముద్రం ఊళ్ళమీదికొచ్చింది. మా మేనత్త ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. మిగతావాళ్ళ శవాలు దొరికాయి. వీడిది దొరకలేదు. గుట్టలుగా వేసి కాల్చేస్తుంటే నాన్న ఒక్కొక్కరి కాలూ చూసుకుంటూ తిరిగాడు.

పది రోజులకి ఎవరో అన్నారు, ఆరు వేళ్ళ పిల్లాణ్ణి బందరు వెళ్ళే లారీలో చూశామని. నాన్న బందరంతా గాలించాడు. శిబిరాలు, ఆసుపత్రి, రైల్వేస్టేషను. లేడు. చివరికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. ఆ బొమ్మకి కూడా ఎడమ పాదం దగ్గర ఒక దర్భ ఎక్కువ పెట్టమంది మా అమ్మ. పంతులుగారు పెట్టారు.

అయినా ఆవిడ నమ్మలేదే. పోయేదాకా ఏ బస్టాండులో కూర్చున్నా జనం మొహాలు చూసేది కాదు, కాళ్ళు చూసేది. ఆవిడ పోయాక ఆ పని నేను పుచ్చుకున్నాను. ఇన్నేళ్ళయినా మానలేకపోయాను.

వాడుంటే ఇప్పుడు యాభైతొమ్మిది. నువ్వు అరవై అన్నావు. బందరు అన్నావు. ఎడమ అన్నావు.

అన్నం ఎలా దిగుతుందే?

అమ్మమ్మ


బందరు
20 నవంబరు 2024

అమ్మమ్మా, నన్ను చెప్పుచ్చుకు కొట్టు.

నీ ఉత్తరం బాత్రూంలో తలుపేసుకుని మూడుసార్లు చదివాను. మైల అన్నందుకు నా నోరు పడిపోను. నువ్వు అంత మోస్తూ, నా స్పూను గురించి వేళాకోళమాడావు.

ఈ రోజు హాల్లో మొదటిసారి ఆయన మొహం చూశాను. ఇన్నాళ్ళూ చెయ్యి దగ్గర పని చేస్తూ కూడా పైకి చూడలేదు. భయమెయ్యలేదు. మందుల్లో ఉండి ఉండి మొహం మారిపోతుందట, సరిగ్గా పోల్చడం కష్టం. కానీ ముక్కు చూస్తే అమ్మ ముక్కులాగే అనిపించింది. నిజంగానే అమ్మమ్మా. చెవులు కూడా నీలాగే పెద్దవి. పాదాలు గుడ్డతో చుట్టేశారు, కాళ్ళ పాఠం వచ్చే ఏడాదికిగానీ రాదు. మావాళ్ళు చెయ్యి కోస్తుంటే "కాస్త నెమ్మది" అని అరిచాను. అందరూ నాకేసి వింతగా చూశారు.

నువ్వు ధైర్యంగా ఉండు. మా అనాటమీ మేడం గారిని అడుగుతాను. ఆసుపత్రిలో చేర్చినప్పటి వివరాలు వాళ్ళ దగ్గర ఉంటాయి. డీఎన్ఏ పరీక్షలని కూడా ఉన్నాయి, నీ రక్తం చుక్క చాలు. ఆయనేనని తేలితే నీ తమ్ముణ్ణి నీకు ఇప్పిస్తాను. మీ అమ్మగారు వెతికింది, నువ్వు వెతికింది వృథా పోదు. ఇన్నాళ్ళకి ఈ చదువు దేనికొచ్చానో నాకు తెలిసినట్టుంది.

కడుపునిండా తిను. నీ ఆశ నేను తీరుస్తాను.

శ్రీవల్లి


అవనిగడ్డ
23 నవంబరు 2024

శ్రీవల్లికి,

ఎవర్నీ అడగొద్దు. మేడాన్నీ వద్దు, విల్సన్నీ వద్దు. రక్తాలూ పరీక్షలూ వద్దు. నీకు దణ్ణం పెడతాను, ఇది ఇంతటితో వదిలెయ్. నీ చదువు నువ్వు చదువుకో.

ముక్కు సంగతి రాయకుండా ఉండాల్సింది.

అమ్మమ్మ


బందరు
28 నవంబరు 2024

అమ్మమ్మా,

నీ కార్డు చూసి నా సీటుకి ఎక్కడ ముప్పొస్తుందోనని వద్దంటున్నావని అర్థమైంది. నా కోసం నీ తమ్ముణ్ణి కూడా వదులుకుంటావా అనిపించింది. అందుకే నీ మాట వినలేదు. ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. మావయ్య ఇంట్లో ఉన్నప్పుడు చదువు.

సోమవారం మాకు ఎముకల మీద ప్రశ్నలు. మేడం గారు ఒక చేతి ఎముక నా ముందు పెట్టి ఏ వైపుదో చెప్పమన్నారు. నేను ఎడమ అన్నాను. "నీకెదురుగా పట్టుకుని నీ ఎడమ చెప్తావేంటమ్మా? ఆ ఎముక ఎవరిదో అతని ఎడమ చెప్పు. రేపు ఆపరేషన్ థియేటర్లో ఇలాగే చెప్తే మంచి కాలు తీసి పారేస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది.

మొదటి రోజు నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. వెల్లకిలా పడుకున్న మనిషికి కాళ్ళవైపు నుంచి చూస్తే, నా ఎడమ చేతి వైపున్నది ఆయన కుడి కాలు. నేను నీకు ఎడమ అని రాసేశాను.

క్లాసు అయ్యాక హాల్లోకి వెళ్ళాను. పాదాలకి చుట్టిన గుడ్డ విప్పాను. ఆయన పక్కకి వెళ్ళి, ఆయన తల ఎటుందో నా తల అటే పెట్టుకుని, వేళ్ళు పట్టుకుని చూశాను. ఆరో వేలు కుడి కాలికే ఉంది. ఎడమ కాలికి ఐదే. పొరపాటు లేదు. విల్సన్ గారిని కూడా చెప్పమన్నాను, ఆయనా కుడే అన్నారు.

ఆయన మీ నాంచారయ్య కాదు అమ్మమ్మా.

గుడ్డ మళ్ళీ చుట్టి హాస్టలుకొచ్చాను. నీకు చెప్పకపోతేనేం అనిపించింది. ఎడమ అనే ఉండనిస్తే నీకు ఏడవడానికి ఒక శవమైనా దొరుకుతుందిగా, వాడి పేరున ఏదో ఒకటి చేసుకుని స్థిమితపడతావుగా అనుకున్నాను. ఒక ఉత్తరం రాశాను కూడా అలా. చింపేశాను. ఆ కోపం ఉత్తరంలో తెలియక తప్పు రాశాను, ఇప్పుడు తెలిసి రాయలేను. ఆ ముక్కు, ఆ చెవులు, అవన్నీ నాకు కావాలనిపించి కనిపించినవే.

మేడం గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ప్రమాణం చేసి కూడా బయట రాశానని. తిట్టలేదు. "బయట మాట్లాడొద్దని ఎందుకంటామో ఇప్పుడు తెలిసిందా?" అన్నారు. తెలిసిందండీ అన్నాను. "మీ అమ్మమ్మగారికి నువ్వే చెప్పు. వేరేవాళ్ళ చేత చెప్పించకు. మెత్తగా చెప్పు, కానీ నాన్చకు" అన్నారు. నాకు మెత్తగా చెప్పడం రాలేదు.

నీ ఆశ నేనే పుట్టించాను, నేనే తుంచేశాను. ఇరవై రోజులు నిన్ను తిండీ నిద్రా లేకుండా చేశాను. సగం తెలిసిన మాట ఇంత పని చేస్తుందని నాకెవరూ చెప్పలేదు. నన్ను క్షమించగలవా?

నీ శ్రీవల్లి


అవనిగడ్డ
2 డిసెంబరు 2024

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం వీధి అరుగు మీదే నిలబడి చదివాను. ఏడ్చాను. పోస్టుమాను ఎల్లయ్య సైకిలు దిగి "ఏంటండీ టీచరుగారూ, ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డాడు. లేదు బాబూ, మంచి వార్తే అన్నాను. పిచ్చిదాన్ననుకునుంటాడు.

నువ్వు చదువుకున్నదానివేగానీ నీకు అమ్మమ్మ అర్థం కాలేదు. ఆశ ఎక్కడిదే నాకు? వాడు కావాలని కాదు నేను అన్నం మానేసింది. వాడేమోనని.

ఆలోచించు. వాడే అయితే ఏంటి లెక్క? ఆ రోజు వాడు బతికాడన్నమాట. బందరు చేరాడన్నమాట. పెరిగాడు, పెద్దయ్యాడు, ముసలాడయ్యాడు. అవనిగడ్డకి బందరెంత దూరమే? బస్సెక్కితే గంటన్నర. నేను ట్రైనింగులకని, పెన్షను పనికని, పెళ్ళిళ్ళకని ఎన్నిసార్లు దిగానో ఆ బస్టాండులో. పన్నెండేళ్ళవాడికి ఊరి పేరు తెలుసు, నాన్న పేరు తెలుసు, అక్క పేరు తెలుసు. ఏడో తరగతి. తెలివైనవాడు. అయినా ఒక్కసారి రాలేదంటే? అమ్మ కళ్ళు కాయలు కాసి పోతే రాలేదంటే? మేం ఏం చేశామని మమ్మల్నంత వద్దనుకున్నాడు?

ఈ ఇరవై రోజులూ వాడితో పోట్లాడుతూనే ఉన్నాను. వంటింట్లో, పెరట్లో, పూజ దగ్గర. ఎందుకు రాలేదురా అని. తమ్ముణ్ణి తిట్టుకున్నాను తల్లీ, ఇన్నేళ్ళలో ఎప్పుడూ తిట్టనివాణ్ణి. నువ్వు ముక్కు కలిసిందన్నాక ఇంక చచ్చిపోదామనిపించింది. అడగొద్దని రాసింది నీ సీటు కోసం కాదు. అవునన్న మాట వినలేక.

ఇప్పుడు కాదన్నావు. వాడు ఎక్కడికీ పోలేదు, ఎవర్నీ మర్చిపోలేదు. ఆ సాయంత్రమే మా మేనత్త చెయ్యి పట్టుకుని పోయుంటాడు. పన్నెండేళ్ళవాడిగానే పోయాడు. మమ్మల్ని వదిలేసి బతకలేదు. నాకింతకంటే ఏం కావాలే?

చింపేసిన ఆ ఉత్తరం పంపుంటే నన్ను నిలువునా చంపేసేదానివి. చింపావు గనక బతికించావు. క్షమించడమేంటి పిచ్చిముఖమా.

మీ టేబుల్ మీద ఆయన్ని ఇంక మీ వాళ్ళెవరైనా ఏమైనా అంటే ఊరుకోకు. మీ మేడం గారికి నా నమస్కారం చెప్పు. ఈ పూట మీ అత్తయ్య వంకాయ కూర చేసింది, రెండుసార్లు పెట్టించుకున్నాను. అది నోరెళ్ళబెట్టింది.

ఒక్క పని చెయ్యి. కాలేజీ పనులన్నీ ఉంటాయని తెలుసు, పెద్ద ఉత్తరం అక్కర్లేదు. కార్డు ముక్క చాలు. కుడి కాలేనని ఇంకొక్కసారి రాయి.

అమ్మమ్మ